తిరిగే తాబేలు కోస్టర్ చిన్నపిల్లలకి పనికొస్తుందా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

బరంపురం_కోడలు (బరంపురం, గంజాం జిల్లా)
శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మే సెలవుల్లో స్టుట్‌గార్ట్‌లో ఉన్న మా మరిది దగ్గరికి వెళ్తున్నాం. అక్కణ్ణించి రైల్లో పారిస్, అందులో ఒక రోజు డిస్నీల్యాండ్. టికెట్లు మరిది కొనేశాడు. కాబట్టి "అంత దూరం అసలెందుకు" అని ఇక్కడెవరూ అడక్కండి, ఇంట్లో మా అత్తగారు రోజూ అడుగుతూనే ఉన్నారు.

నా సందేహం ఒక్క రైడ్ గురించి. అక్కడ రెండు పార్కులున్నాయి, రెండోదాంట్లో క్రష్స్ కోస్టర్ అని ఉంది. తాబేలు చిప్పలో కూర్చోబెట్టి సముద్రంలోకి తీసుకెళ్తున్నట్టు ఉంటుందట. మా చిన్నదానికి ‘ఫైండింగ్ నీమో’ సినిమాలోని ఆ తాబేలంటే పిచ్చి. దుప్పటి మీద తాబేలు, నీళ్ళ సీసా మీద తాబేలు. మరిది వీడియో పంపినప్పటి నుంచీ "మనం ఎప్పుడెక్కుతాం" అని ప్రాణం తీస్తోంది.

పెద్దవాడికి ఏడేళ్ళు, 118 సెంటీమీటర్లున్నాడు. చిన్నదానికి నాలుగున్నర దాటింది. చెప్పులేసుకుంటే 107, విప్పితే 105. రైడ్‌కి కావలసింది 107. మా ఆయన "సరిపోయింది కదా" అంటారు. కానీ ఆ చిప్ప గిర్రున తిరుగుతుందట, పైగా చీకట్లో. ఎత్తు సరిపోయినంత మాత్రాన ఎక్కించెయ్యొచ్చా?

---

పర్లాకిమిడి_పంతులు (పర్లాకిమిడి, గజపతి జిల్లా)
శనివారం రాత్రి 9:31

అసలెందుకు అని నేను అడగను తల్లీ. కానీ ఠాకురాణీ యాత్ర మీ ఊళ్ళోనే కదా. రెండేళ్ళకోసారి మీనా బజారులో ఎక్కడలేని తిరుగుళ్ళూ దిగుతాయి. అక్కడ ఎక్కించి చూశారా?

---

బరంపురం_కోడలు
శనివారం రాత్రి 9:40

రంగులరాట్నం ఎక్కించాం పంతులుగారూ, నవ్వుతూ దిగింది. డ్రాగన్ ట్రైన్ కూడా ఎక్కింది. బ్రేక్ డాన్స్ మాత్రం ఎక్కించలేదు. అక్కడ ఎత్తూ అడగలేదు, వయసూ అడగలేదు. నోట్లు లెక్కపెట్టుకుంటూ "బొస, బొస" అని అందర్నీ కూర్చోబెట్టేస్తున్నాడు. నాకే గుండె జారింది.

---

గుణుపురం_గోపి (సొంతూరు గుణుపురం, ఇప్పుడు లియోన్)
శనివారం రాత్రి 10:05

వదినా, నేను ఆ రైడ్ ఎక్కాను. మా అక్క కూతుర్ని కూడా ఎక్కించాను, అప్పటికి దానికి ఏడు నిండాయి. లోపల ఏం జరుగుతుందో వరసగా చెప్తాను, మీ పిల్లకి ఏది పడుతుందో మీరే చూసుకోండి.

చిప్పలో నలుగురు కూర్చుంటారు. ఇద్దరు ముందుకి చూస్తూ, ఇద్దరు వెనక్కి చూస్తూ, వీపుకి వీపు ఆనించి. ఒడి మీద బార్ పడుతుంది. కాసేపు బయట వెలుతురులో వెళ్ళి లోపలికి దూరుతుంది. మొదటి భాగం అంతా నెమ్మదే. జెల్లీ చేపలు, నీటి వెలుతురు, ఒక దీపం చేప, సొరచేపలు. చిన్నపిల్లలకి ఇదంతా బొమ్మలాట. "ఇంతేనా" అనిపిస్తుంది. ఆ తర్వాత చిప్పని పైకి లాక్కెళ్తుంది. అక్కణ్ణించి అసలు సంగతి మొదలు. చీకట్లో మలుపులు, దిగుళ్ళు, చిప్ప తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. వేగం గంటకి 60 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. మొత్తం కలిపి రెండు నిమిషాల పైచిలుకు.

తలకిందులు చెయ్యదు. పెద్ద పాతాళం లాంటి దిగుడూ లేదు. కానీ తర్వాత మలుపు ఎటో తెలియదు, మీరు ఎటు చూస్తున్నారో తెలియదు. ఒక దిగుడు ముందుకి దిగుతారు, ఇంకోటి వెనక్కి. మా మేనకోడలు దిగాక "మళ్ళీ" అంది. మా పక్క చిప్పలోంచి దిగిన అబ్బాయి, అదే వయసు, వాళ్ళమ్మ భుజం వదల్లేదు.

ఇంకోటి. బయట నుంచి చూస్తే పిల్లల రైడ్ లాగే కనిపిస్తుంది. తాబేలు బొమ్మ చూసి వచ్చేసిన తల్లిదండ్రులు చాలామందే ఉంటారు క్యూలో.

---

సిరొంచ_సీను (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)
శనివారం రాత్రి 10:22

అక్కా, 107 కావాలన్నరు, పిల్ల చెప్పులతోని 107 ఉంది. మందం అడుగున్న బూట్లు కొనియ్యి, లోపల ఇంకో మెత్త పెట్టు. పనైపోతది. 😀

---

రాయగడ_మెషిన్‌షాప్ (రాయగడ)
శనివారం రాత్రి 10:48

సీనూ, నవ్వులాటకే అన్నావని తెలుసు గానీ చదివినవాళ్ళు నిజంగానే చేస్తారు, అందుకే రాస్తున్నాను.

నేను మెషిన్ షాపులో పనిచేసినవాణ్ణి. ఎత్తు గీత ఎందుకు గీస్తారంటే, ఆ బార్ ఎవరిని పట్టి ఉంచగలదో చెప్పడానికి. తొడ పొడవు, నడుము ఎక్కడుంది, వీపు కుర్చీకి ఆనుతుందా, చెయ్యి పట్టీకి అందుతుందా, ఇవన్నీ ఒక్కొక్కటీ కొలవలేరు గదా, అందుకని ఎత్తు కొలిచేస్తారు. బూటులో మెత్త పెడితే పిల్ల ఎత్తు పెరిగినట్టు కనిపిస్తుంది గానీ తొడ పెరగదు. కొన్ని రైడ్లలో ఇద్దరికీ ఒకే బార్ ఉంటుంది. అది నాన్న తొడ దగ్గర ఆగిపోతుంది, పక్కన పిల్లకి జానెడు ఖాళీ మిగిలిపోద్ది. జాతర్లలో నేను చూసిందల్లా అదే.

అమ్మా, 105 అంటే 105. గేటు దగ్గర వాళ్ళు కొలిచి ఆపేస్తే పిల్ల అక్కడే ఏడుస్తుంది, అది ఇంకా కష్టం. ఇంటి దగ్గరే గోడకి నిలబెట్టి, మడమలు ఆనించి, జుట్టు అణిచి కొలవండి. మే నాటికి 107 రావచ్చు, రాకపోవచ్చు.

ఇక తిరుగుడు సంగతి. దీని మీద చాలామందికి ఒక అపోహ ఉంది, మోటారు పెట్టి తిప్పుతారని. ఈ రకంలో మోటారు ఉండదు. పట్టాల మీద పోయే బండి వేరు, మనం కూర్చునే డబ్బా వేరు. రెండిటి మధ్యా ఒక పెద్ద బేరింగు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, పైకి లాగేటప్పుడు తాళం పడి ఉంటుంది. పైన ఒకచోట తాళం వదుల్తుంది. మలుపు రాగానే బరువున్న వైపు బయటికి తోసుకుపోతుంది, డబ్బా తిరుగుతుంది. బరువు అటూ ఇటూ సమానంగా ఉంటే నెమ్మదిగా, ఒకవైపు ఎక్కువైతే గట్టిగా. అందుకే ఒకే రైడ్ ఎక్కి వచ్చినవాళ్ళలో ఒకడు "ఏటీ తిరగలేదు" అంటాడు, ఇంకొకడు "పేగులు బయటికొచ్చేయి" అంటాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

---

బరంపురం_కోడలు
శనివారం రాత్రి 11:02

అయితే మేం నలుగురం ఎక్కితే ఎలా కూర్చోవాలి? మా ఆయనా మరిదీ ఒకవైపు, నేనూ పిల్లా ఒకవైపు అనుకున్నాం.

---

రాయగడ_మెషిన్‌షాప్
శనివారం రాత్రి 11:10

అది మాత్రం వద్దు. ఇద్దరు మగాళ్ళు ఒకవైపు, మీరూ పిల్లా ఇంకోవైపు అంటే తిరుగుడు కావాలని కోరి తెచ్చుకున్నట్టే. మీ మరిదికి బదులు పెద్దవాణ్ణి ఎక్కించుకోండి. ఒక పెద్ద, ఒక పిల్ల ఇటు. ఒక పెద్ద, ఒక పిల్ల అటు. పిల్ల పక్కన పెద్దవాళ్ళు ఉన్నట్టూ ఉంటుంది, బరువూ సమానం అవుతుంది. అసలు తిరగకుండా ఉండదు, మలుపు మలుపుకీ ఎంతో కొంత తిరుగుద్ది. కూర్చోబెట్టేవాళ్ళు వేరేలా చెప్తే వాళ్ళు చెప్పినట్టే వినండి.

---

జయపురం_సిస్టర్ (జయపురం, కొరాపుట్ జిల్లా)
ఆదివారం ఉదయం 6:55

నైట్ డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. పిల్లల వార్డులో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను కాబట్టి కొన్ని మాటలు.

చెవి లోపల మూడు అర్ధవృత్తాకారపు గొట్టాలున్నాయి, వాటిలో ద్రవం. తల తిరిగితే ఆ ద్రవం కదిలి మెదడుకి చెప్తుంది. గ్లాసులో నీళ్ళు తిప్పి గ్లాసు ఆపితే నీళ్ళు ఇంకాసేపు తిరుగుతూనే ఉంటాయి చూడండి, ఇదీ అంతే. చిప్ప ఆగినా చెవి "ఇంకా తిరుగుతున్నాం" అంటుంది. కన్ను "ఆగిపోయాం" అంటుంది. ఈ ఇద్దరి గొడవే డోకు. బస్సులో అయితే కిటికీలోంచి దూరంగా చూడమంటాం, కన్నుకి ఒక ఆధారం దొరుకుతుంది. చీకటి రైడ్‌లో ఆ ఆధారం కూడా లేదు.

ఒక విచిత్రం ఏమిటంటే రెండేళ్ళ లోపు పిల్లలకి ఈ ప్రయాణపు వాంతులు చాలా అరుదు. తర్వాత మొదలై, బడికెళ్ళే వయసులో, సుమారు ఆరు నుంచి పన్నెండు మధ్య ఎక్కువగా ఉంటాయి. ఆ లెక్కన మీ చిన్నదాని కంటే మీ పెద్దవాడికే కళ్ళు తిరిగే అవకాశం ఎక్కువ! ఎత్తు సరిపోయింది కదా అని వాణ్ణి మర్చిపోకండి.

చిన్నపిల్లల విషయంలో నేను చూసేది మెడ. ఒంటితో పోలిస్తే వాళ్ళ తల పెద్దది, మెడ కండరాలకి ఇంకా బలం రాదు. అటూ ఇటూ విసిరినట్టు తిరిగేటప్పుడు తల కుర్చీకి ఆనించి ఉంచమని ముందే నేర్పండి. ముందుకి వంగి పక్కకి చూడకూడదు. ఈ ఒక్క మాట ఇంట్లో కుర్చీలో కూర్చోబెట్టి ఆటలాగా నేర్పొచ్చు.

జలుబు చేసి చెవి నొప్పి ఉన్నప్పుడు, మూర్ఛ ఉన్నప్పుడు, ఈమధ్య ఆపరేషనో ఎముక విరగడమో జరిగినప్పుడు ఎక్కించకండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడ పైఎముకల కీలు వదులుగా ఉంటుంది. అలాంటివాళ్ళని ఇలాంటి రైడ్ల జోలికి తీసుకెళ్ళే ముందు డాక్టర్ని తప్పకుండా అడగాలి.

---

కొరాపుట్_డ్రైవరన్న (కొరాపుట్)
ఆదివారం ఉదయం 8:20

సిస్టర్ చెప్పిందంతా నా బండి వెనక సీట్లో రోజూ జరుగుతాది. కొరాపుట్ నుంచి జయపురం ఘాట్ దిగేటప్పుడు ఏ పిల్ల వాంతి చేసుకుంటుందో ముఖం చూసి చెప్పేస్తాను. ముందు మాటలు ఆగిపోతాయి. తర్వాత ఆవలింతలు. తర్వాత పెదాల చుట్టూ తెల్లబడుతుంది. అప్పుడు బండి ఆపకపోతే ఇంక సీటు కడుక్కోవడమే.

మీ పిల్లల్ని ఘాట్‌లో ఒకసారి తిప్పండమ్మా. పారిస్ వెళ్ళి పరీక్ష పెట్టడం కంటే ఇది చవక. లక్ష్మీపురం ఘాట్ అయినా సరే, అరకు వైపైనా సరే. వెనక సీట్లో, ఫోన్ ఇవ్వకుండా. ఘాట్‌లో హాయిగా నిద్రపోయేవాడికి కోస్టర్‌లో ఏమీ కాదని నేననను గానీ, ఘాట్‌లోనే పడిపోయినవాడికి కోస్టర్ పడదని మాత్రం చెప్పగలను.

---

ఛత్రపురం_శాంతి (ఛత్రపురం, గంజాం జిల్లా)
ఆదివారం ఉదయం 9:47

అందరూ వాంతి గురించి మాట్లాడుతున్నారు. నేను భయం గురించి చెప్తాను.

మా బాబుకి ఆరేళ్ళప్పుడు ఒక పార్కులో ఇలాంటి తిరిగే కోస్టర్ ఎక్కించాం. ఏ పార్కో చెప్పను, వాళ్ళ తప్పేమీ లేదు. ఎత్తు ఉన్నాడు, బార్ బాగానే పడింది, వాంతి కూడా చేసుకోలేదు. మొదటి మలుపులోనే "మొతే డర లాగుచ్ఛి, మొతే డర లాగుచ్ఛి" అని మొదలుపెట్టాడు. భయమేస్తోందని. వాడికి భయమేస్తే తెలుగు రాదు, బడి భాష ఒడియానే వస్తుంది. నేను పక్కనే ఉన్నాను, చెయ్యి పట్టుకున్నాను. కానీ ఆపమని ఎవరికి చెప్తాం? ఒకసారి కదిలాక ఆపడం ఉండదు. వాడు ఏడవడం ఆపేసి బిగుసుకుపోయాడు, అదే నాకు ఎక్కువ భయం వేసింది.

తర్వాత చాలా కాలం వాడు లిఫ్ట్ ఎక్కలేదు. మా అక్కవాళ్ళది విశాఖలో ఆరో అంతస్తు. మెట్లే.

కాబట్టి మీరు అడిగిన ప్రశ్నకి నా జవాబు: ఎత్తు కాదు, వయసు కూడా కాదు. మీ పిల్ల చీకటి గదిలో ఒక్కతే వెళ్ళి మంచినీళ్ళు తెచ్చుకుంటుందా? పుట్టినరోజు బుడగ పేలితే నవ్వుతుందా, చెవులు మూసుకుంటుందా? కరెంటు పోతే ఏం చేస్తుంది? అవి చూడండి.

---

అస్కా_అర్జున్ (అస్కా)
ఆదివారం మధ్యాహ్నం 12:15

ఈ కాలం పిల్లల్ని మరీ గాజుబొమ్మల్లా పెంచుతున్నారు. మా నాన్న నన్ను ఋషికుల్యలోకి తోసి ఈత నేర్పారు. రెండు నిమిషాలు ఏడుస్తుంది, దిగాక ఐస్‌క్రీం కొనిస్తే మర్చిపోతుంది. ధైర్యం ఎక్కితేనే వస్తుంది గానీ కింద నిలబడి చూస్తే రాదు. అంత డబ్బు పెట్టి వెళ్ళి గేటు దగ్గర ఆగిపోతారా?

---

ఛత్రపురం_శాంతి
ఆదివారం మధ్యాహ్నం 12:33

అర్జున్ గారూ, ఈతలో మీ నాన్నగారు పక్కనే ఉండి మునిగితే తీసేవారు. ఇందులో తీసే వీలు లేదు. తేడా అదొక్కటే, కానీ అది చిన్న తేడా కాదు. డబ్బు పెట్టింది మనం, ఎక్కేది అది.

---

అస్కా_అర్జున్
ఆదివారం మధ్యాహ్నం 12:41

సరేనమ్మా, మీ అబ్బాయి సంగతి నాకు తెలియదు కదా. కానీ "వద్దు" అనే పిల్లని తొయ్యమని నేను అనలేదు. ఇక్కడ పిల్లే "ఎక్కుతాను" అంటోంది. ఎక్కుతానన్నదాన్ని మనం భయపెట్టి ఆపడం కూడా తప్పే.

---

పర్లాకిమిడి_పంతులు
ఆదివారం మధ్యాహ్నం 1:05

అర్జున్ మాటలో ఈ రెండో సగం ఒప్పుకుంటాను. అయితే ఆ పిల్ల ఎక్కుతానంటున్నది తాబేలుని. తిరుగుడు సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. బడిలో నలభై ఏళ్ళు చూశాను, నాటకంలో వేషం వేస్తానని ఎగిరిన పిల్లవాడు తెర లేవగానే వెనక్కి పారిపోతాడు. వాడు అబద్ధం ఆడలేదు, ఏం అడిగారో వాడికి అర్థం కాలేదు అంతే.

---

సిరొంచ_సీను
ఆదివారం మధ్యాహ్నం 2:30

బూట్ల మాట వాపస్ తీసుకుంటున్న, కోపం చేయకుండ్రి. 🙏

ఒక ముచ్చట అడుగుత. నేను చూసిన వీడియోలల్ల గీ తిరిగేటివి లండన్ దిక్కు కూడ ఉన్నయి, ఆడ 120 కావాలంటున్నరు. గదే లెక్కటి బండి, ఒక దగ్గర 107, ఇంకో దగ్గర 120. గట్లెట్ల?

---

రాయగడ_మెషిన్‌షాప్
ఆదివారం సాయంత్రం 4:12

మంచి ప్రశ్న. పారిస్‌లోది 2007లో తెరిచారు. చేసింది మౌరర్ అనే మ్యూనిక్ కంపెనీ. అదే కంపెనీ 2004లో ఇంగ్లండులో రెండు తిరిగే కోస్టర్లు పెట్టింది, ఒకటి ఆల్టన్ టవర్స్ పార్కులో, ఒకటి చెసింగ్టన్ పార్కులో. ఆ రెండింటికీ 120 సెంటీమీటర్లు. అమెరికాలో ఫ్లోరిడా డిస్నీలో 2002 నుంచి 2020 దాకా ప్రైమీవల్ వర్ల్ అని ఒకటి నడిచింది, దాన్ని ఫ్రాన్సులోని రెవర్షాన్ కంపెనీ చేసింది. దానికి 48 అంగుళాలు, అంటే 122. అదే ఫ్లోరిడాలో 2022లో డిస్నీ వాళ్ళ ఎప్‌కాట్ పార్కులో ఇంకోటి వచ్చింది, కాస్మిక్ రివైండ్. దానికి మళ్ళీ 107.

ఎప్‌కాట్‌ది వేగంలో, పరిమాణంలో వీటన్నిటికంటే చాలా పెద్దది. అయినా 107. ఏటంటే, అందులో డబ్బాని ఎటు తిప్పాలో ముందే లెక్కగట్టి తిప్పుతారు. దాని ఇష్టానికి వదిలెయ్యరు. కుర్చీ, బార్ వేరు.

దీన్ని బట్టి చూడండి. ఈ అంకె కుర్చీ గురించి చెప్తుంది. రైడ్ ఎంత భయంకరమో, ఎంత కళ్ళు తిరుగుతాయో ఆ అంకెలో లేదు. "107 కాబట్టి పిల్లలది, 120 కాబట్టి పెద్దలది" అనుకోవడం తప్పు. పెద్ద కోస్టర్‌కి 107 ఉండొచ్చు, చిన్న జాతర చక్రానికి 120 ఉండొచ్చు, మన జాతరకైతే అసలు అంకే ఉండదు.

---

జయపురం_సిస్టర్
ఆదివారం సాయంత్రం 4:40

దీనికి ఒక మాట కలుపుతాను. మన పిల్లలకి 107 సుమారుగా అయిదేళ్ళప్పుడు వస్తుంది. పొడుగ్గా ఉన్న పిల్లకి నాలుగున్నరకే వచ్చేస్తుంది, పొట్టిగా ఉన్నవాడికి ఆరేళ్ళకి. ఆ ఏడాదిన్నరలో మనసు ఎంత ఎదుగుతుందో బాలవాడీకి పంపే ఏ తల్లికైనా తెలుసు. పొడుగు పిల్లలకి ఇదే ఇబ్బంది. ఒళ్ళు చూసి పెద్దదనుకుంటాం.

---

లక్ష్మీపురం_లత (లక్ష్మీపురం, కొరాపుట్ జిల్లా)
ఆదివారం రాత్రి 7:18

బయల్దేరే ముందు అవోమిన్ వేస్తే సరిపోదా? మేం విశాఖ బస్సెక్కే ముందు పిల్లలకి సగం మాత్ర వేస్తాం. ఏ ఇబ్బందీ లేదు.

---

జయపురం_సిస్టర్
ఆదివారం రాత్రి 7:50

లత గారూ, దయచేసి ఇంకొకరి పిల్లకి ఇక్కడ మోతాదు చెప్పకండి. అందులో ఉండేది ప్రోమెథజీన్. రెండేళ్ళ లోపు పిల్లలకి అది అసలు ఇవ్వకూడదు, ఊపిరి మీద ప్రభావం పడుతుంది. పెద్ద పిల్లలకి కూడా బరువు చూసి డాక్టరే చెప్పాలి. ఇస్తే మత్తు వస్తుంది. పార్కులో రోజంతా మత్తుగా జోగే పిల్లని ఎత్తుకు తిరగాలి. రెండు నిమిషాల రైడ్ కోసం రోజంతా పాడుచేసుకోవడం ఎందుకు?

వాంతి ఆగడానికని కొందరు ఓండెన్‌సెట్రాన్ సిరప్ పట్టుకెళ్తారు. అది కడుపులో ఇన్‌ఫెక్షన్ వాంతులకి బాగా పనిచేస్తుంది గానీ ప్రయాణపు వాంతికి అంతగా పనిచెయ్యదు.

మందు కంటే ఇది చూడండి: ఖాళీ కడుపుతో వద్దు, నిండు కడుపుతో అసలు వద్దు. ఎక్కే ముందు పాలు, జ్యూసు, వేపుళ్ళు ఆపండి. రెండు బిస్కట్లు చాలు. దిగాక కూర్చోబెట్టి ఒక నిలకడ వస్తువుని చూడమనండి, గుక్కెడు నీళ్ళు ఇవ్వండి. వెంటనే ఇంకో రైడ్‌కి పరిగెత్తకండి.

---

నిర్వాహకులు
ఆదివారం రాత్రి 8:05

మందుల మోతాదు రాసిన మరో రెండు వ్యాఖ్యలు తీసేశాం. చర్చ రైడ్ మీద ఉంచండి. ఇడ్లీలు పారిస్ దాకా పాడవకుండా ఎలా తీసుకెళ్ళాలో అడిగినవారు వంటల విభాగంలోకి వెళ్ళగలరు.

---

బరంపురం_కోడలు
సోమవారం ఉదయం 10:20

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాశారు, ఒక్కొక్కరికీ దండం. నిన్న సాయంత్రం గోడకి నిలబెట్టి కొలిచాను, 105 కూడా పూర్తిగా లేదు. మా ఆయన టేపు మీద అనుమానం పడుతున్నారు.

శాంతి గారు చెప్పినవన్నీ చూశాను. కరెంటు పోతే అది నా కొంగు వెతుక్కుంటుంది. బుడగ పేలితే నవ్వుతుంది. చీకట్లో నీళ్ళ సంగతి సరేసరి, పగలే తెచ్చుకోదు, నన్ను పిలుస్తుంది. ఇందులో ఏం తేలినట్టు?

ఇంకో సంగతి. ఎత్తు రాకపోతే పెద్దవాడి సంగతేంటి? దీన్ని బయట వదిలి వాణ్ణి తీసుకెళ్తే ఇది ఇల్లెక్కి అరుస్తుంది. ఒకరు ఎక్కి ఒకరు ఆగితే మళ్ళీ మొదటి నుంచీ క్యూలో నిలబడాలా?

---

గుణుపురం_గోపి
సోమవారం మధ్యాహ్నం 12:02

అక్కర్లేదు వదినా. చిన్నపిల్లలున్న తల్లిదండ్రుల కోసం అక్కడ మార్పిడి పద్ధతి ఉంది. మొదట అన్నయ్య పెద్దవాడితో క్యూలో వెళ్తారు, మీరు చిన్నదాంతో బయట ఉంటారు. వాళ్ళు దిగాక మీరు మళ్ళీ మొత్తం క్యూ నిలబడకుండా ఎక్కొచ్చు. క్యూలో దూరే ముందే వాకిట్లో ఉన్న సిబ్బందికి చెప్పుకోవాలి, తర్వాత చెప్తే కుదరదు. మీ మరిది కూడా ఉన్నాడు కాబట్టి ఇంకా తేలిక.

క్యూ మాత్రం తక్కువ అంచనా వెయ్యకండి. ఒక్కో చిప్పలో నలుగురే కదా, జనం మెల్లగా కదుల్తారు. ఆ పార్కులో ఎప్పుడూ పొడుగ్గా ఉండే వరుసల్లో ఇదొకటి. గేట్లు తెరవగానే నేరుగా అక్కడికే వెళ్ళండి. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టి, ఆకలితో, విసుగుతో ఉన్న పిల్లని చీకట్లోకి తీసుకెళ్తే ఎంత ధైర్యం ఉన్న పిల్లైనా ఏడుస్తుంది.

చిన్నదానికి ఆ పార్కుల్లోనే బోలెడున్నాయి. మొదటి పార్కులో పెద్ద పెద్ద టీ కప్పులున్నాయి, అవీ తిరిగేవే. కానీ మధ్యలో చక్రం ఉంటుంది, మనం తిప్పితే ఎక్కువ తిరుగుతుంది, వదిలేస్తే నెమ్మదిస్తుంది. వెలుతురులో ఉంటుంది. ఎత్తు గీత లేదు. తిరుగుడు పడుతుందో లేదో అక్కడ తెలిసిపోతుంది. రెండో పార్కులో స్ప్రింగ్ కుక్క రైడ్ ఉంది, గుండ్రంగా మెత్తగా తిరుగుతుంది, దానికీ ఎత్తు గీత లేదు. పెద్దవాడికి గని బండి లాంటి బిగ్ థండర్ ఉంది, 102 సెంటీమీటర్లు చాలు, గిర్రున తిరగదు. నిజానికి మీ చిన్నది కూడా దానికి సరిపోతుంది. అయితే అది చిన్న కోస్టర్ కాదు, చీకటి సొరంగం ఉంది. దాన్ని చూశాకే నిర్ణయించుకోండి.

---

కొరాపుట్_డ్రైవరన్న
సోమవారం మధ్యాహ్నం 1:15

భువనేశ్వర్ దగ్గర వండర్‌లా 2024లో తెరిచారు కదా. బరంపురం నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద మూడు గంటల దారి. పారిస్ ముందు ఒకసారి అక్కడ తిప్పండి. ప్రతి రైడ్ ముందూ ఎత్తు గుర్తు దగ్గర నిలబెడతారు. పిల్లలకి ఆ గుర్తు దగ్గర "నువ్వు ఇంకా రాలేదు" అనిపించుకోవడం కూడా అలవాటవుతుంది. మా వాడు మొదటిసారి రాద్ధాంతం చేశాడు, రెండోసారి వాడే వెళ్ళి నిలబడ్డాడు. "ఎప్పుడొస్తాను" అని గార్డుని అడిగాడు.

---

ఛత్రపురం_శాంతి
సోమవారం మధ్యాహ్నం 2:08

కోడలు గారూ, ఏం తేలిందంటే, కొంగు వెతుక్కునే పిల్ల చీకటికి భయపడుతుంది, చప్పుడుకి కాదు. అది చాలు మీకు. వెలుతురులో తిరిగేది ఎక్కించండి, చీకట్లో తిరిగేది వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యండి. ముందుగా మీ ఫోన్లో రైడ్ లోపలి వీడియో చివరి దాకా చూపించండి, తాబేలు ఉన్న భాగం ఒక్కటే కాదు. గది దీపం ఆర్పి చూపించండి. రెండో సగం వచ్చినప్పుడు దాని ముఖం చూడండి, ఫోన్ వైపు కాదు.

---

బరంపురం_కోడలు
మంగళవారం రాత్రి 9:30

దీపం ఆర్పి వీడియో చూపించాను శాంతి గారూ. సొరచేపల దాకా చప్పట్లు. పైకి లాగడం మొదలవగానే నా ఒళ్ళోకి జరిగింది. తిరగడం మొదలయ్యాక "అమ్మా, తాబేలు ఏదీ?" అంది. తాబేలు లేదుగా అక్కడ, చీకటే. "అన్నయ్య వెళ్తాడులే" అని తనే అంది.

పెద్దవాడు మాత్రం మొత్తం చూసి "వెనక్కి తిరిగి కూర్చుంటా" అన్నాడు. వచ్చే ఆదివారం వాణ్ణి లక్ష్మీపురం ఘాట్‌కి తీసుకెళ్తున్నాం, డ్రైవరన్న చెప్పినట్టు ఫోన్ ఇవ్వకుండా.

కాబట్టి మేం అనుకున్నది: పొద్దున్నే గేటు తెరవగానే మా ఆయన, మరిది, పెద్దవాడు తాబేలుకి. నేనూ చిన్నదీ స్ప్రింగ్ కుక్క దగ్గరికి. తర్వాత టీ కప్పులు. మా అత్తగారు రావడం లేదు గానీ "పిల్లని చీకట్లో తిప్పితే ఊరుకోను" అని ఫోన్ చేసి మరీ చెప్పారు, ఆవిడకి ఈ చర్చ అంతా చదివి వినిపించాను. సిస్టర్ గారు రాసింది మాత్రం రెండుసార్లు చదివించుకున్నారు.

మెషిన్‌షాప్ గారూ, చివరగా ఒక్కటి. ముగ్గురే ఎక్కితే, ఇద్దరు పెద్దలు ఒక పిల్లాడు, బరువు ఎలా సర్దాలి?

---

రాయగడ_మెషిన్‌షాప్
మంగళవారం రాత్రి 9:52

మీ మరిది ఒకవైపు, మీ ఆయనా బాబూ ఇంకోవైపు. మీ మరిది పక్క సీటు ఖాళీగా ఉంటే అక్కడ వేరే ఎవరినైనా కూర్చోబెడతారు, వరసలో ఒంటరిగా వచ్చినవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఆ వచ్చినవాడు లావుపాటి మనిషైతే మాత్రం గట్టిగా తిరుగుద్ది, బాబుకి ముందే చెప్పి ఉంచండి.

---

సిరొంచ_సీను
మంగళవారం రాత్రి 10:01

నేను వస్త అక్కా ఆ సీట్ల, టికెట్ పంపుండ్రి. 92 కిలోలున్న. 😀